కెయిర్న్స్ రీఫ్ పడవ: పాడైన వైపు కూడా చూపించారు

మా అమ్మ మంగళసూత్రాల పక్కన రెండు ఎర్ర పగడాలు ఉంటాయి. పడవ ఎక్కిన దగ్గర్నుంచీ వాటిని వేళ్ళతో పట్టుకుని "ఇవి ఇక్కడివేనా?" అని అడుగుతూనే ఉంది. ఆ ప్రశ్నకి ఓపిగ్గా జవాబు చెప్పిన అమ్మాయి కోసమే ఈ రివ్యూ రాస్తున్నాను.

2025 సెప్టెంబరు స్కూల్ సెలవుల్లో వెళ్ళాం. నేను, మా తొమ్మిదేళ్ళ బాబు, చోడవరం నుంచి వచ్చిన అమ్మా నాన్నా. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నుంచి కెయిర్న్స్‌కి విమానం, మర్నాడు పొద్దున్నే గ్రేట్ బ్యారియర్ రీఫ్ అనే పగడపు దిబ్బల వరసకి పడవ. బయటి రీఫ్ దగ్గర నీళ్ళ మీద తేలే పెద్ద వేదిక ఉంటుంది. అక్కడ నాలుగు గంటలు ఉంచి సాయంత్రానికి తీసుకొస్తారు. పెద్దవాళ్ళకి తలా మూడు వందల డాలర్లకి కొంచెం తక్కువ పడింది. కంపెనీ పేరు రాయడం లేదు. రెండు ఫిర్యాదులున్నాయి, వాటివల్ల అక్కడ మనసు పెట్టి పనిచేస్తున్న పిల్లలకి మాట రాకూడదు.

ఆ ఫిర్యాదులు ముందే చెప్పేస్తాను. ఆ రోజు గాలి గట్టిగా ఉంది. ముందురోజు ఒక మెసేజ్ పెట్టి ఉంటే ఇంటి దగ్గరే వాంతుల మాత్ర వేసుకునేవాళ్ళం. ఎక్కాక అమ్మారు, అప్పటికే ఆలస్యం. అమ్మ గంటసేపు వెనక డెక్కు మీద కళ్ళు మూసుకుని కూర్చుంది. రెండోది భోజనం. శాకాహారమని బుకింగ్‌లో రాసినా దొరికింది బ్రెడ్డు, ఆకులు, ఉడికించిన బంగాళదుంపలు. పులిహోర డబ్బా తీసుకెళ్ళాం కాబట్టి గడిచింది. మీరూ తీసుకెళ్ళండి.

ఇక మిగతాదంతా బాగుంది. నాన్నకి 68 ఏళ్ళు, విశాఖ బీచిలో మోకాలి లోతు దాటి ఎప్పుడూ దిగలేదు. ఒక కుర్రాడు ఆయన చెయ్యి వదలకుండా మెట్ల మీద నడుములోతు నీళ్ళలో నిలబెట్టి, అద్దాలు పెట్టి, ముఖం ముంచి ఊపిరి తీయడం నేర్పాడు. అరగంట పట్టింది. ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

పడవలో మెరైన్ బయాలజీ చదివిన అమ్మాయి ఒకరు ఉన్నారు. అమ్మ ప్రశ్న నేను ఇంగ్లీషులో చెబితే ఆవిడ పగడాలని దగ్గరగా చూసి, "ఇవి మధ్యధరా సముద్రం లాంటి చోట్ల, వెలుతురు అంతగా అందని లోతుల్లో పెరిగే జాతివి. వాటి ఎముకే ఎరుపు" అన్నారు. ఇక్కడి పగడానికి ఎముక తెలుపు. పైన కండ పల్చటి గాజులా ఉంటుంది, దాని లోపల కంటికి కనిపించని నాచు కాపురం ఉంటుంది. ఎండలో ఆ నాచు వండిన తిండే పగడానికి కూడు, రంగులో ఎక్కువ వంతు కూడా దానిదే. వేసవిలో నీళ్ళు మామూలు కంటే ఒక డిగ్రీ పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే పగడం ఆ నాచుని బయటికి నెట్టేస్తుంది. అప్పుడు కనిపించే తెలుపు ఎముకది. "అప్పటికింకా చావలేదు, ఆకలితో ఉందంతే" అన్నారావిడ. అమ్మకి ఈ మాట తెలుగులో చెబితే, "అయ్యో తల్లీ" అంది.

తరవాత సగం మునిగి నడిచే పడవలో తీసుకెళ్ళారు. దాని అడుగున కిటికీల పక్కన కూర్చుంటాం. జింక కొమ్ముల్లాంటి పగడాలు, మెదడు ముడతల్లాంటివి, నీలి పెదవుల పెద్ద ఆల్చిప్పలు, పగడాన్ని కొరికే చిలకచేపలు, ఒక ఆకుపచ్చ తాబేలు. మా బాబు కిటికీకి ముక్కు ఆనించి పెట్టేశాడు. సరిగ్గా అక్కడ పడవ తిప్పి వెనక్కి వచ్చేయొచ్చు, అందరూ సంతోషంగా ఉండేవాళ్ళు. వీళ్ళు రెండో వైపుకి కూడా తీసుకెళ్ళారు. అక్కడ కొమ్ములు విరిగి గుట్టలుగా పడి ఉన్నాయి, వాటి మీద బూడిదరంగు నాచు. 2024 వేసవి వేడికి పోయినవి అని చెప్పారు. పడవలో ఎవరూ మాట్లాడలేదు.

2022లో ఇంకో కంపెనీ పడవలో వెళ్ళినప్పుడు రీఫ్ ఎలా ఉందని అడిగితే "బ్రహ్మాండం" అని దాటేశారు. అది పూర్తిగా అబద్ధం కాదని ఇప్పుడు తెలిసింది. ఆస్ట్రేలియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెరైన్ సైన్స్ వాళ్ళు ఏటా లెక్క తీస్తారు. ఆ ఏడాది ఉత్తర, మధ్య భాగాల్లో బతికిన పగడం 36 ఏళ్ళలో ఎన్నడూ లేనంత ఎక్కువ. కాకపోతే పెరిగిందంతా ఎక్కువగా ఈ కొమ్ముల రకమే. తొందరగా పెరిగేదీ అదే, వేడికి ముందు పోయేదీ అదే. 2025 లెక్కలో బతికిన పగడం కెయిర్న్స్ ఉన్న మధ్య భాగంలో 33.2 శాతం నుంచి 28.6కి, దక్షిణ భాగంలో 38.9 నుంచి 26.9కి పడిపోయింది.

"మళ్ళీ ఎప్పుడు బాగవుతుంది?" అని బాబు అడిగాడు. పదేళ్ళు ప్రశాంతంగా వదిలేస్తే చాలావరకు తేరుకుంటుందట. మరి ఆ పదేళ్ళు దొరకడం లేదు. 1998, 2002ల్లో వేడికి విస్తారంగా తెల్లబడింది, తరవాత పద్నాలుగేళ్ళు ఆగింది. ఆ పైన 2016, 2017, 2020, 2022, 2024, 2025. ఆవిడ ఏళ్ళు చదువుతుంటే వాడు వేళ్ళు మడుస్తున్నాడు. పరిశ్రమలు రాకముందు కంటే భూమి వేడి రెండు డిగ్రీలు పెరిగితే ప్రపంచంలో పగడపు దిబ్బలు దాదాపు మిగలవని కూడా చెప్పారు. తొమ్మిదేళ్ళ పిల్లాడికి ఇది చెప్పొచ్చా అని నాకు ఒక క్షణం అనిపించింది. చెప్పినందుకు ఇప్పుడు ఆవిడకి రుణపడి ఉన్నాను.

నాన్న పట్టుకున్నది వేరే మాట. ముళ్ళ నక్షత్రచేప అని ఒకటి పగడాన్ని తినేస్తుంది, ఈతగాళ్ళు ఒక్కోదానికీ సూది మందు వేసి చంపుతారు. దాని పిల్లలకి తిండి నీళ్ళలోని సూక్ష్మ నాచు, ఆ నాచుకి బలం చెరకు పొలాల నుంచి వానకి కొట్టుకొచ్చే నత్రజని. నాన్న నలభై ఏళ్ళు చెరకు వేసిన మనిషి. "వాన ముందు యూరియా జల్లితే సగం కాలవకే పోద్ది. మొక్క మొదట్లో గుంత తీసి వేసి మట్టి కప్పాలి. ఈలకి ఎవులూ చెప్పలేదేటి?" అన్నారు. అదే ఇక్కడి రైతులకి నేర్పుతున్నారని ఆవిడ అంటే, గర్వంగా తలూపారు.

పిల్లలున్నవాళ్ళు తప్పక అడగాల్సింది రంగుల కార్డు. పగడాల ఆరోగ్యం గమనించే కోరల్‌వాచ్ అని క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ వాళ్ళ కార్యక్రమం ఉంది, దానిది. నీళ్ళలో పగడం పక్కన పెట్టి, అది ఏ గడి రంగుకి సరిపోతుందో రాసుకోవాలి. ఒకటి దాదాపు తెలుపు, ఆరు బాగా ముదురు. మా బాబు ఇరవై చోట్ల చూశాడు. ఎక్కువ నాలుగులూ అయిదులూ వచ్చాయి, రెండు చోట్ల రెండు. ఆ కాగితం ఎవరికీ ఇవ్వనని, తనే కంప్యూటర్లో ఎక్కిస్తానని ఒడిలో పెట్టుకుని వచ్చాడు.

అయిదుకి నాలుగున్నర. అర మార్కు మెసేజ్ పెట్టనందుకు, భోజనానికి.

మర్నాడు నాన్న పట్టుబడితే గోర్డన్‌వేల్ వైపు కారులో వెళ్ళాం. గానుగ కాలం, చెరకు బళ్ళు లాక్కెళ్ళే చిన్న రైలు పోతోంది. కోసిన పొలంలో చెత్త తగలబెట్టకుండా నేలంతా దుప్పటిలా పరిచి వదిలారు. నాన్న గట్టు మీద కూర్చుని ఆ ఆకులు పక్కకి జరిపి మట్టి పట్టుకుని చూశారు. తడిగా ఉందన్నారు. ఫోటో తీయమని, చోడవరంలో తన స్నేహితులకి అప్పటికప్పుడే పంపించారు.