ఆవర్తన పట్టిక చరిత్రను చూపే గోడపటం: సమీక్ష

నేడు మనకు తెలిసిన 118 మూలకాలనూ రంగుల గళ్లలో అమర్చిన పటాలకు కొదవ లేదు గాని, ఆ గళ్లు ఎలా ఏర్పడ్డాయో వరుసగా చూపే ఈ గోడపటం లాంటిది అరుదు.

పై భాగంలో 1829 నాటి డోబరైనర్ త్రికాలు, అంటే ఒకే రకం ధర్మాలున్న మూడేసి మూలకాల గుంపులు, ఉన్నాయి. లిథియం, పొటాషియంల పరమాణు భారాలైన 7, 39లను కూడి సగం చేస్తే సోడియం భారం 23 వస్తుందన్న లెక్కను పక్కనే వేయడం వల్ల బడి పిల్లలకు సైతం విషయం ఇట్టే బోధపడుతుంది. ప్రతి ఎనిమిదో మూలకానికీ అవే ధర్మాలు తిరిగి వస్తాయన్న న్యూలాండ్స్ అష్టక నియమాన్ని రెండు వాక్యాల్లో ముగించారు, అది సబబే.

పటానికి ఆయువుపట్టు, మూలకాలను భారం పెరిగే క్రమంలో పేర్చిన 1869 నాటి మెండలీఫ్ పట్టిక. దాన్ని నేటి విలువలతో సరిదిద్దకుండా ఆనాటి రూపంలోనే ఉంచడం నాకు ఎంతో నచ్చింది. 45, 68, 70 అనే భారాల దగ్గర మూలకం పేరుకు బదులు ప్రశ్నార్థకాలే ఉన్నాయి. స్కాండియం, గాలియం, జెర్మేనియం దొరికాక ఆ ఖాళీలే ఆయన కీర్తికి కారణమయ్యాయి. టెల్లూరియం భారమైన 128 పక్కన సైతం ప్రశ్నార్థకం ఉంది. ధర్మాలను బట్టి అయోడిన్‌కు ముందు ఉండవలసిన మూలకానికి అంతకంటే ఎక్కువ భారం ఉండడం మెండలీఫ్‌కు మింగుడుపడలేదు; కొలతలోనే పొరపాటు ఉందని ఆయన భావించాడు. కొలత సరైనదేననీ, క్రమాన్ని నిర్ణయించేది భారం కాదు, పరమాణు సంఖ్య (కేంద్రకంలోని ప్రోటాన్ల సంఖ్య) అనీ 1913లో మోస్లే ఎక్స్‌రే ప్రయోగాల తర్వాతే తేలింది. ఆ ప్రశ్నార్థకం నుంచి మోస్లే గడి దాకా ఒక ఎర్ర గీత గీశారు. పటం మొత్తంలో ఇంత ఆలోచనతో చేసిన పని మరొకటి లేదు.

అయితే 1894లో ర్యాలీ, రామ్సేలు కనుగొన్న ఆర్గాన్ ఊసే లేకపోవడం పెద్ద లోపం. ఏ మూలకంతోనూ చర్య జరపని ఆ వాయువుకు పట్టికలో చోటే లేకపోయింది; హీలియం, నియాన్ వంటివి తోడయ్యాక ఏకంగా ఒక కొత్త గ్రూపునే చేర్చవలసి వచ్చింది. పట్టికకు అంతటి పరీక్ష ఎదురైన ఘట్టాన్ని వదిలేయడం వల్ల, 1869 పట్టికలో లేని జడవాయువులు చివరి గడిలోని నేటి పట్టికలోకి ఎక్కడి నుంచి వచ్చాయో చూసేవారికి అర్థం కాదు. 1940లలో సీబోర్గ్ ఆక్టినైడ్లను (ఆక్టినియంతో మొదలయ్యే భారీ మూలకాలను) విడదీసి కింది వరుసలో పెట్టిన మార్పును మాత్రం చక్కగా చూపారు.

అచ్చు స్పష్టంగా ఉంది, కాగితం మందంగా ఉంది. అక్షరాలు మాత్రం మరీ చిన్నవి కావడంతో తరగతి గదిలో వెనక బల్లల వారికి ఆనవు. ప్రయోగశాలలోనో, గ్రంథాలయంలోనో దగ్గరగా నిలబడి చదివే చోట పెట్టుకోదలచిన వారు నిస్సంకోచంగా కొనవచ్చు.