బొక్కల మిషన్ కొంటున్నారా? కింది తలుపు తెరిపించి చూశాకే పైసలు ఇవ్వండి

నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, పాలమూరు దిక్కు మటన్ దుకాణాలు నడిపే అన్నలకు, హోటళ్ల వాళ్లకు ఈ హెచ్చరిక. దసరా దగ్గర పడితే మిషన్లు అమ్మేవాళ్లు వాట్సాప్‌లో ఆఫర్లు మొదలుపెడతారు. మేమూ పోయిన దసరా ముందు హైదరాబాద్‌లో ఒక డీలర్ దగ్గర టేబుల్ మీద పెట్టుకునే బ్యాండ్ సా తెచ్చుకున్నాం. పైనా కిందా రెండు చక్రాల మీద పట్టీ లెక్క తిరిగే పళ్ల బ్లేడుతో బొక్కలు కోసే మిషన్ అది. తలకాయలు, పాయ, ఫ్రీజర్‌లో గడ్డకట్టిన ముక్కలు కోయడానికి. కోతకు వంక పెట్టేది లేదు. లొల్లి అంతా కడిగే దగ్గరే వచ్చింది.

మిషన్ బిగించడానికి వచ్చిన ఫిట్టర్‌ను రాత్రి దుకాణం కట్టేటప్పుడు ఎట్లా కడగాలని అడిగితే, "పైపు పెట్టి కొట్టేయండి అన్నా, స్టీలే కదా, ఏం కాదు" అన్నాడు. అట్లనే కడిగాం. ఒకరోజు పొద్దున మా తమ్ముడు టేబుల్ మీద తడి చెయ్యి పెట్టగానే జుమ్మని లాగింది. టెస్టర్ పెడితే బాడీ మీదే లైటు వెలుగుతోంది. ఎలక్ట్రీషియన్ వచ్చి ప్లగ్ విప్పాడు. మూడో పిన్నుకు తీగే లేదు. పచ్చ తీగను మొదట్లోనే కత్తిరించి లోపలికి తోసేశారు. అంటే మా దుకాణంలో ఎర్తింగ్ ఎంత బాగున్నా మిషన్‌కు ఒరిగేది సున్నా.

తర్వాత మోటారు మీద ఉన్న రేకు బిళ్ల చదివాం. హెచ్‌పీ, వోల్టేజీ పక్కన ఐపీ అని ఒక నంబరు ఉంటుంది. దుమ్ము, నీళ్లు లోపలికి పోకుండా మోటారు ఎంత తట్టుకుంటుందో అది చెబుతుంది. మాది ఐపీ 44. అందులో రెండో అంకె నీళ్ల సంగతి చెబుతుంది. 4 అంటే నీళ్లు చిందితే తట్టుకుంటుంది, 5 అంటే మామూలు పైపు ధార తట్టుకుంటుంది. ప్రెషర్ వాషర్‌కు ఆ 5 కూడా సరిపోదు. పైపు పెట్టి కొట్టమన్నది డీలర్ మనిషే. మోటారు పోయిందని ఫోన్ చేస్తే, నీళ్లు పోయి పాడైతే వారంటీ రాదన్నదీ వాళ్లే. అందుకే కడిగే పద్ధతి ఏమిటో బిల్లు వెనకాలనో, వాట్సాప్‌లోనో రాయించుకోండి. నోటిమాట తర్వాత ఎవరికీ గుర్తుండదు.

ఇంకో మాట. కరెంటు బోర్డులో ఎంసీబీ (దానంతటదే పడిపోయే స్విచ్) ఉందిలే అని ధైర్యంగా ఉండొద్దు. అది షార్ట్ సర్క్యూట్‌కు, ఓవర్‌లోడ్‌కు పడుతుంది, మనిషికి షాక్ కొడితే పడదు. దానికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకయితే పడిపోయే స్విచ్) వేరే పెట్టించాలి. తడి నేల మీద చెప్పులు లేకుండా తిరిగే దుకాణాలు మనవి.

మోటారు విప్పినప్పుడే కింది తలుపు స్విచ్ సంగతీ బయటపడింది. బ్యాండ్ సా తలుపు తెరిస్తే మోటారు ఆగిపోవాలి. చట్రం దగ్గర చిన్న స్విచ్ ఉండేది అందుకే. మా దానికీ స్విచ్ ఉంది. కానీ దానికి పోయే రెండు తీగల్నీ ఒకదానికొకటి మెలిపెట్టి నల్ల టేపు చుట్టారు. తలుపు బార్లా తెరిచి ఉన్నా బ్లేడు తిరుగుతూనే ఉంటుంది. డీలర్‌ను అడిగితే, "డెమోలో లోపల తిరిగేది చూపించడానికి అట్లా చేస్తాం, మళ్లీ కలపడం మరిచిపోయి ఉంటారు" అన్నాడు, చాలా మామూలుగా. పనివాళ్లు తిరిగే చోట అది మామూలు విషయమా?

ఆ తలుపు లోపల చూసింది చెబుతా. కోస్తుంటే వచ్చే బొక్కల పొడి, కొవ్వు కలిసి బ్లేడుతో పాటు కిందికి దిగి చక్రానికి పట్టుకుంటాయి. దాన్ని గీకేయడానికి చక్రం దగ్గర స్క్రేపర్ ఉండాలి. మా దాంట్లో స్క్రేపర్ లేదు, అది బిగించే రెండు బోల్టు రంధ్రాలు మాత్రం ఉన్నాయి. చక్రం అంచు చుట్టూ ముద్ద సున్నం లెక్క గట్టిపడింది. గీకితే ముద్దతో పాటు బూడిద రంగు పెచ్చులు ఊడొచ్చాయి. కింద తుప్పు. పూర్తి స్టీలని అమ్మిన మిషన్‌లో చక్రాలు రంగేసిన పోత ఇనుము! ఆ పెచ్చులు బ్లేడు మీదుగా పోయేది గిరాకీ తీసుకుపోయే మాంసంలోకే.

304 గ్రేడు (తుప్పు బాగా తట్టుకునే స్టీలు రకం) అని చెప్పిన టేబుల్ పలక మీద కూడా ఎర్ర చుక్కలు వచ్చాయి. షోరూంలో అయస్కాంతం పెట్టి చూపించారు, అంటుకోలేదు, 304 అన్నారు. అక్కడ పెద్ద మోసం ఉంది. దానికంటే నాసిరకం 202 గ్రేడుకూ అయస్కాంతం అంటుకోదు. అందులో నికెల్ తక్కువ, మాంగనీస్ ఎక్కువ, ఉప్పు నీళ్లకు తొందరగా చుక్కలు పడతాయి. స్టీలు రెయిలింగ్ పని చేసేవాళ్ల దగ్గర చిన్న సీసాలో టెస్టింగ్ మందు, 9 వోల్టుల బ్యాటరీ ఉంటాయి. చుక్క వేస్తే 202 అయితే ఎర్రబడుతుంది. మా పలక ఎర్రబడింది. బిల్లులో గ్రేడు రాయను అన్నవాడి దగ్గర కొనొద్దు.

ఇక కడగడం. ముందు ప్లగ్ పీకాలి. స్విచ్ ఆపితే సరిపోదు, పీకిన ప్లగ్ కడిగేవాడికి కనబడేటట్టు ఉండాలి. టెన్షన్ నాబ్ (బ్లేడును బిగించే పిడి) వదులు చేసి బ్లేడు తీసి, పొడిని ప్లాస్టిక్ స్క్రేపర్‌తో పొడిగానే గీకేయాలి. మొదట గోరువెచ్చని నీళ్లే. మరిగే నీళ్లు పోస్తే నెత్తురు ఉడికి అక్కడే అతుక్కుంటుంది. తర్వాత డిటర్జెంట్, బ్రష్షు, కొవ్వు వదలడానికి ఇంకాస్త వేడి నీళ్లు, మళ్లీ మంచినీళ్లు. మోటారు, స్విచ్ బాక్సు దగ్గర పిండిన బట్టతో తుడవడమే. జిడ్డు ఉండగా బ్లీచింగ్ కొడితే వాసన తప్ప పని జరగదు, శుభ్రమయ్యాకే అది. 5 శాతం హైపోక్లోరైట్ అయితే లీటరు నీళ్లకు 4 మిల్లీలీటర్లు, సుమారు 200 పీపీఎం (పది లక్షల భాగాల్లో 200 భాగాలు). చిక్కగా కలిపి రాత్రంతా వదిలేస్తే ఎంత మంచి స్టీలయినా గుంటలు పడుతుంది. కాసేపు ఉంచి కడిగి, ఆరబెట్టాలి.

ఆరబెట్టడం మన నల్లగొండ జిల్లాలో ఇంకా ముఖ్యం. బోరు నీళ్లు ఎట్లుంటాయో చెప్పక్కర్లేదు. ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలుసు గానీ, స్టీలును తినేది ఆ నీళ్లలో ఉండే మిగతా ఉప్పులు. తుడవకుండా వదిలితే పొద్దున తెల్ల మరకలు, కొన్నాళ్లకు వాటి కింద చుక్కలు. తుడిచాక ఫుడ్ గ్రేడ్ మినరల్ ఆయిల్ పలుచగా రాయాలి. వంటనూనె వద్దు, జిగురై కంపు కొడుతుంది. తుప్పు పోవాలని బాత్రూం యాసిడ్ అసలు వాడొద్దు. యాసిడ్, బ్లీచింగ్ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, షట్టర్ దించి కడిగే దుకాణంలో ప్రాణం మీదికి వస్తుంది.

గ్లౌజుల విషయంలో డీలర్ ఉచితంగా ఇచ్చిన స్టీలు జాలీ గ్లౌజు చూసి మురిసిపోవద్దు. తిరిగే బ్లేడు దగ్గర అది వేసుకుంటే పళ్లకు చిక్కి చెయ్యినే లాగుతుంది. కోత తట్టుకునే గ్లౌజు కరెంటు తీసేశాక బ్లేడు పట్టుకోవడానికే. కోసేటప్పుడు ముక్కను తోసే పలకతోనే తోయాలి.

పైసలు తిరిగి అడిగితే డీలర్ కొత్త మాట ఎత్తుకున్నాడు. "దుకాణానికి కొన్నారు, మీరు కన్జ్యూమర్ కిందికి రారు" అని. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనే ఉంది, స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసం కొన్నవాళ్లు వినియోగదారులే. ముందు 1915కు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు రెండేళ్ల లోపు వేయాలి, 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు. టేపు చుట్టిన తీగలు, ప్లగ్ లోపలి భాగం, మోటారు బిళ్ల ఫొటోలు బాగుచేయించక ముందే తీసి పెట్టుకున్నాం. వాటితోనే కంప్లయింట్ ఇచ్చాం, ఇంకా నడుస్తోంది.

సెకండ్ హ్యాండ్ మిషన్‌కు ఇవన్నీ రెండింతలు చూడండి. స్పానర్ లేకుండా చేత్తో బ్లేడు, ట్రే, స్క్రేపర్లు విప్పి మళ్లీ బిగించి చూపించమనండి. అమ్మేవాడికే చేతకాకపోతే రాత్రి పదింటికి అలిసిపోయిన మన పనివాళ్లు విప్పరు.