సిరోంచలో కాస్కేడ్ హాప్స్: మద్యం లేకుండా పేల్ ఏల్ పరిమళం

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం అమలులో ఉంది కనుక సిరోంచలో ఉండే మాలాంటి వారికి ఇంట్లో బీరు తయారు చేసుకొనే ఆలోచనకే తావు లేదు. అయితే అమెరికాలో సియెర్రా నెవాడా పేల్ ఏల్ అనే బీరు రుచి చూసినవారు మరచిపోలేని ఆ పంపర పనస తొక్క వాసన బీరుకు చేదునూ వాసననూ ఇచ్చే హాప్స్ పువ్వు నుంచి వస్తుంది. ఆ వాసనను సోడాలోకి దింపుకోవడం కోసమే కాస్కేడ్ రకం హాప్స్ యాభై గ్రాముల ప్యాకెట్ ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను.

కాలిఫోర్నియాలోని చీకో పట్టణంలో 1980 నుంచి తయారవుతున్న ఆ బీరులో మద్యం 5.6 శాతం. దానికి ఆ గుణాన్నిచ్చిన కాస్కేడ్ రకాన్ని 1972లో అమెరికాలో సాగుకు విడుదల చేశారు. ఆ బీరులో తయారీదారులు ఎండిన పువ్వులను వాడతారు. నాకు వచ్చినవి పొడి చేసి గుళికలుగా నొక్కినవి. గుళికను వేళ్ల మధ్య నలిపితే ఆకుపచ్చని పొడి జిడ్డుగా అంటుకొని, మొదట పచ్చిగడ్డి వాసన, ఆ వెనుకనే పంపర పనస వాసన, చివరకు సన్నగా పూల వాసన తగులుతాయి. సరుకు తాజాగా ఉందనడానికి అంతకంటే నమ్మకమైన గుర్తు లేదు.

బీరు తయారీలో హాప్స్‌ను మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) నీటితో కలిపి గంటసేపు మరిగిస్తారు. ఆ మరుగుడుకు హాప్స్‌లోని ఆల్ఫా ఆమ్లాలు రూపు మారి నీటిలో కరిగి చేదునిస్తాయి, మాల్ట్‌లోని తీపి ఆ చేదును మోస్తుంది. సోడాలో ఆ తీపి ఉండదు కనుక హాప్స్‌ను మరిగించకూడదు. నేను లీటరు నీటిని మరిగించి దించి, ఉష్ణోగ్రత 80 డిగ్రీలకు తగ్గాక నాలుగు గ్రాముల గుళికలు వేసి, సువాసననిచ్చే నూనెలు ఆవిరితో పోకుండా మూతపెట్టి, పావుగంట తరువాత పలుచని గుడ్డలో వడగట్టి, కొద్దిగా నిమ్మరసం పిండి ఫ్రిజ్‌లో పెడతాను. తాగే ముందు అంతే పరిమాణంలో చల్లని సోడా కలిపితే చాలు. చక్కెర, ఈస్టు రెండూ లేవు కనుక ఇది పులిసి మద్యంగా మారదు.

వాసన విషయంలో ఈ ప్యాకెట్ నా ఆశను పూర్తిగా నెరవేర్చింది. గ్లాసు నోటి దగ్గరకు రాగానే ఆ బీరే గుర్తుకు వస్తుంది. నోట్లో మాత్రం మాల్ట్ ఇచ్చే నిండుదనం లేదు, నురుగు నిలవదు. పేల్ ఏల్‌కు బదులుగా దీన్ని కొనేవారికి ఆ లోటు తప్పక తెలుస్తుంది. ప్రాణహిత చేపల వేపుడు పక్కన పెట్టుకుంటే మాత్రం ఏ తీపి కూల్‌డ్రింకూ దీనికి సాటి రాదు.

నా ఫిర్యాదు రవాణా మీదనే. ఎండ మండిపోయే మే నెలలో అదే అమ్మకందారు మామూలు పార్సిల్‌లో పంపిన ప్యాకెట్ విప్పగానే పాత చీజ్ వాసన కొట్టింది. వేడికీ గాలికీ హాప్స్ పాడయ్యే తీరే అది. అందువల్ల నవంబరు నుంచి ఫిబ్రవరి లోపల తెప్పించుకొని, విప్పిన ప్యాకెట్‌లోని గాలి నొక్కి తీసి, గట్టిగా మూసి ఫ్రీజర్‌లో ఉంచాలి. వడగట్టిన పిప్పిని పెరట్లో పారవేయకండి. హాప్స్ కుక్కలకు ప్రాణాంతకమైన విషం.