ఆయాలను పంపే ఏజెన్సీలు: మనిషిని చూపిస్తారు, వాకబు మాత్రం మనమే చేసుకోవాలి

హైదరాబాద్‌లో చంటిబిడ్డను చూసుకునే మనిషి కావాలంటే చాలామంది ముందు ఏజెన్సీకే ఫోన్ చేస్తారు. నాలుగు రోజుల్లో ఇద్దరు ముగ్గుర్ని ఇంటికి పంపుతారు, ఆ పని బాగానే చేస్తారు. పేచీ అంతా రెఫరెన్సుల దగ్గరే, అంటే ఆమె ఇంతకుముందు పనిచేసిన ఇళ్లవాళ్లవని ఇచ్చే ఫోన్ నంబర్ల దగ్గర.

వాళ్లిచ్చే నంబరు ఒక్కోసారి ఆయా చుట్టాలదే అయ్యుంటుంది. "చాలా మంచిదండీ" అన్న మాట వినగానే ఫోన్ పెట్టేస్తే తెలిసేదేమీ లేదు. ముందు ఆయానే అడగండి: ఏ ఏరియా, ఎన్నో అంతస్తు, చేరేనాటికి బిడ్డకు ఎన్ని నెలలు, ఎప్పుడు మానేశారు, ఎందుకు. రాసిపెట్టుకోండి. తర్వాత ఆ ఇంటివాళ్లకు ఫోన్ చేసి, మీరు ఒక్క వివరమూ అందించకుండా అవే ప్రశ్నలు వేయండి. నెల అటూ ఇటూ అయితే పర్వాలేదు. బిడ్డ వయసే కలవకపోతే ఆ రెఫరెన్సు లెక్కలోకి రాదు. ఆఖరున "మళ్లీ అవసరమైతే ఈమెనే పిలుస్తారా?" అని తప్పకుండా అడగండి. పొగడ్తల్లో దాచినది ఇక్కడ బయటపడుతుంది.

ఇంటర్వ్యూలో మాటలకన్నా చేతులు చూడాలి. పాలపొడి డబ్బా, సీసా, కాచి చల్లార్చిన నీళ్లు ఇచ్చి 90 మి.లీ. కలపమనండి. చేతులు కడుక్కుందా? ముందు నీళ్లు కొలిచి పోసిందా? డబ్బా మీద 30 మి.లీ.కి ఒక స్కూపు అని ఉంటే మూడే వేయాలి, అదీ అదిమి నింపకుండా, పైన చదును చేసి. పొడి ఎక్కువైతే మలబద్ధకం, తక్కువైతే బిడ్డ బరువు పెరగదు. చుక్క మణికట్టు మీద వేసి చూసుకుందంటే అలవాటున్న చెయ్యే. "జ్వరమొస్తే?" అన్నదానికి "సిరప్ పోస్తాను" అంటే జాగ్రత్తపడాలి. "ముందు మీకు ఫోన్ చేస్తాను" అనే మనిషి కావాలి.

ఆధార్ జిరాక్సు సరిపోదు. ఒరిజినల్ తెప్పించి, దాని మీది క్యూఆర్ కోడ్‌ను ఆధార్ అధికారిక యాప్‌లో స్కాన్ చేసి చూసుకోవాలి. పోలీసు వెరిఫికేషన్ అయిపోయిందంటే కాగితం చూపించమనండి.

ఏజెన్సీల మీద ఇంకో ఫిర్యాదు: మనకు "ఇంటి పని కూడా చేస్తుంది" అంటారు, ఆమెకేమో "పాప పని ఒక్కటే" అని చెబుతారు. పది రోజులకే మానేసేది చాలావరకు ఇందుకే, తప్పు ఆమెది కాదు. అంట్లు, బట్టలు, సెలవులు, రాత్రి నిద్ర, అన్నీ ఆమె ఎదుటే మాట్లాడుకోండి. మనిషి మానేస్తే ఎన్ని రోజుల్లో ఇంకొకరిని పంపుతారో, పంపకపోతే కమీషన్‌లో ఎంత వెనక్కిస్తారో రాయించుకున్నాకే డబ్బు కట్టండి.