నాయనమ్మ బతుకమ్మ పాటా, అమ్మమ్మ శతక పద్యమా?

మా నాయనమ్మది వరంగల్ వైపు, అమ్మమ్మది తెనాలి దగ్గర, ఇద్దరి దగ్గరా నేర్చుకున్నా కాబట్టి ధైర్యంగా పోల్చేస్తున్నా.

అమ్మమ్మ పద్యం అంటే అక్షరం పొల్లు పోకూడదు. కంద పద్యంలో నాలుగు పాదాలకీ రెండో అక్షరంలో హల్లు ఒకటే రావాలి కదా, మధ్యలో మర్చిపోతే ఆ అక్షరం పట్టుకుని లాగితే మిగతాది వచ్చేస్తుంది, 20 ఏళ్లయినా చెక్కుచెదరదు. ఇబ్బందల్లా పద్యం ముందు నోటికొస్తుంది, అర్థం ఎప్పుడో పెళ్లయ్యాక తెలుస్తుంది. పైగా ఆడవాళ్లని తక్కువ చేసే పద్యాలొస్తే అమ్మమ్మ దాటేసేది, అడిగితే "అవి నీకెందుకే" అనేది.

నాయనమ్మ పాట అలా కాదు. 9 రోజులూ చుట్టూ తిరుగుతూ ఆమె ఒక చరణం అంటే మేం ఉయ్యాలో అని అందుకోవాలి, ఆ ఒక్క మాట వస్తే చాలు నాలుగేళ్ల పిల్ల కూడా పాటలో ఉన్నట్టే. గునుగు పూలు కట్టలు కట్టి రంగులో ముంచుతూ, "తంగేడు పూలు ఇట్ల పేర్చాలె బిడ్డా" అంటూనే అత్తగారింటి కష్టాలు, పుట్టింటికి తీసుకుపోడానికొచ్చిన అన్న కథ, అన్నీ పాటలోనే చెప్పేసేది. కానీ ఏటా మాటలు మార్చేది, నిరుటి పాట వేరు ఈసారి పాట వేరు, ఇప్పుడు ఆమె లేదు, నా దగ్గర సగం సగం చరణాలే మిగిలాయి.

మా పాపకి ఏది ముందంటే నా ఓటు పాటకే, వేమన పద్యాలు స్కూల్లో ఎలాగూ చెప్తారు. రేపు అమ్మమ్మకి వీడియో కాల్ చేసి ఆ దాటేసినవి కూడా అడగాలి, ఈసారైనా చెప్తుందేమో.