కెమెరాకు సీ టైప్ వచ్చింది, ఛార్జర్ గోల సగమే తీరింది

ముందే తేల్చి చెబుతాను. కెమెరాకు టైప్-సి పోర్ట్ ఉండాల్సిందే. అది లేని కెమెరాను కొత్తగా కొనమని ఇప్పుడు ఎవరికీ చెప్పను. కానీ ఆ పోర్ట్ ఉంది కాబట్టి ఇక వేరే ఛార్జరే అక్కర్లేదని ఎవరైనా అంటే మాత్రం నమ్మకండి.

నేను ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటాను. ఉద్యోగం వేరే, ఫొటోలు సరదా. ఆ సరదా ముదిరి, ఇక్కడి తెలుగువాళ్ల ఉగాది, బతుకమ్మ, సీమంతాలు, పిల్లల పుట్టినరోజులు ఎక్కడ జరిగినా కెమెరా పట్టుకుని వెళ్లేదాకా వచ్చింది. మైక్రో యూఎస్‌బీ పోర్ట్ ఉన్న కెమెరాను ఏళ్ల తరబడి వాడాను. తర్వాత టైప్-సి ఉన్నది కొన్నాను, దాన్నీ చాలాకాలంగా వాడుతున్నాను. రెండింటి పేర్లూ చెప్పను. ఫొటో నాణ్యత గురించి ఇక్కడ ఒక్క ముక్క కూడా ఉండదు కాబట్టి వాటితో పనిలేదు. కెమెరాలోకి కరెంటు ఎలా వెళ్తుంది, ఎంత సుఖంగా వెళ్తుంది, అంతే.

ఈ పోర్ట్ అన్ని కెమెరాలకూ కంపెనీల దయతో రాలేదు. యూరోపియన్ యూనియన్ మెడలు వంచి తెప్పించింది. 2022 అక్టోబర్ 4న యూరోపియన్ పార్లమెంటు 602 ఓట్లతో ఉమ్మడి ఛార్జర్ చట్టాన్ని దాటించింది. వ్యతిరేకించినవాళ్లు 13 మందే. నవంబర్‌లో అది 2022/2380 నంబరు డైరెక్టివ్‌గా ఖరారైంది. ఫోన్లు, ట్యాబ్లెట్లు, హెడ్‌ఫోన్లు, స్పీకర్లు, కీబోర్డులతో పాటు డిజిటల్ కెమెరాలను కూడా జాబితాలో పెట్టారు. గడువు 2024 డిసెంబర్ 28. ల్యాప్‌టాప్‌లకు 2026 ఏప్రిల్ 28 దాకా ఇచ్చారు. అప్పట్లో అందరూ ఐఫోన్ గురించే మాట్లాడుకున్నారు గానీ, నన్నడిగితే ఈ చట్టం అసలు అవసరం కెమెరాలకే ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో అప్పటికే చాలావరకు టైప్-సి వచ్చేసింది. ఆ పోర్ట్ 2014 నాటిది. అయినా 2022లో కొత్తగా వచ్చిన ఓఎం సిస్టమ్ కంపెనీ ఓఎం-5 కెమెరాలో కూడా మైక్రో యూఎస్‌బీయే ఉంది. అంత ఖరీదు పెట్టి కొన్న కెమెరాకు పాత ఫోన్ల పిన్ను!

మైక్రో యూఎస్‌బీతో నా అనుభవం అంత తీపిదేమీ కాదు. దానికి ఒక పక్క వెడల్పు, ఒక పక్క ఇరుకు. ఫంక్షన్ హాల్లో లైట్లు తగ్గించాక, కెమెరా పక్కనున్న రబ్బరు మూత తీసి, కేబుల్‌ను అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ గుచ్చాలి. తొందరలో తిరగేసి నొక్కితే సాకెట్ లోపలి సన్నటి నాలుక మీద ఒత్తిడి పడుతుంది. కొంతకాలానికి నా కెమెరా సాకెట్ వదులైంది. కేబుల్‌ను ఒక కోణంలో పట్టుకుంటేనే ఛార్జింగ్ లైటు వెలిగేది, చెయ్యి తీస్తే ఆరిపోయేది. సర్వీసు సెంటర్‌కు తీసుకెళ్తే బోర్డు మొత్తం మార్చాలన్నారు. వాళ్లు చెప్పిన రేటు విన్నాక నోరు మూసుకుని ఇంటికొచ్చి, బ్యాటరీని తీసి బయట ఛార్జర్‌లో పెట్టుకుంటూ కాలం వెళ్లదీశాను. తమాషా ఏమిటంటే కాగితం మీద రెండు పోర్టులూ సమానమే. పదివేల సార్లు పెట్టి తీసినా తట్టుకోవాలన్నదే రెండింటి ప్రమాణం. కానీ టైప్-సికి తలకిందులు అనేది లేదు కాబట్టి మన మొరటు చేతికి అది ఎక్కువ ఓర్చుకుంటుంది. నా రెండో కెమెరా పోర్ట్ ఇప్పటికీ బిగువుగానే ఉంది.

టైప్-సి వల్ల నాకు బాగా కలిసొచ్చింది ప్రయాణాల్లో. జర్మనీ ఛార్జర్ల సన్న పిన్నులు మన ఇళ్లలోని ప్లగ్గుల్లో పెడితే ఊగుతూ జారిపోతాయి. హనుమకొండ వెళ్లినప్పుడల్లా అడాప్టర్ కోసం వెతుకులాట, అది దొరికితే ఛార్జర్ కోసం వెతుకులాట. ఇప్పుడు ఆ టెన్షన్ లేదు. ఏ ఇంటికెళ్లినా సోఫా పక్కనో, ఫ్రిజ్ మీదో సీ టైప్ ఛార్జర్ ఒకటి వేలాడుతూనే ఉంటుంది. "పిన్నీ, ఆ ఛార్జర్ కాసేపు వాడుకుంటా" అంటే చాలు. కారులో వెళ్తుంటే కారులోనే పెట్టేస్తాను. విమానంలో పవర్ బ్యాంకును ఎలాగూ చేతి సంచిలోనే తీసుకెళ్లాలి, దిగాక దాంతోనే ఫోనూ కెమెరా రెండూ గడిచిపోతాయి.

రెండోది, కదలకుండా పెట్టి తీసే పని. ఇక్కడ ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతం జరుగుతుంటే ఊళ్లో ఉన్న తాతయ్య, అమ్మమ్మ లైవ్‌లో చూడాలంటారు. కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టి, ల్యాప్‌టాప్‌కు ఒక్క కేబుల్ కలిపితే వీడియో అటు వెళ్తుంది, కరెంటు ఇటు వస్తుంది. పాత కెమెరాతో అయితే అయిదో కథకు ముందే బ్యాటరీ ఎర్రగా మెరిసేది. పంతులుగారు కథ ఆపరు, మనం బ్యాటరీ మార్చకుండా ఉండలేం. ఇప్పుడు ప్రసాదం పంచేదాకా కెమెరా నడుస్తూనే ఉంటుంది. రాత్రిపూట చుక్కలు తీసేవాళ్లకు, గంటల తరబడి టైమ్‌లాప్స్ (విడివిడి ఫొటోలను కలిపి వేగంగా నడిపే వీడియో) తీసేవాళ్లకు కూడా ఇదే లాభం. పవర్ బ్యాంకును ట్రైపాడ్ కాలికి కట్టేసి వదిలేయొచ్చు.

ఇక అసలు చిక్కులు. ఊరందరినీ ఒకే కొలత గుమ్మం పెట్టుకోమన్నారు, లోపలి గదులు మాత్రం ఎవరిష్టం వాళ్లది అన్నట్టుంది ఈ ఏర్పాటు. పోర్ట్ ఒకటే అయినా లోపలి బ్యాటరీ ఒప్పుకుంటేనే ఛార్జింగ్. నికాన్ జెడ్6, జెడ్7లలో పాత ఈఎన్-ఈఎల్15, 15ఎ బ్యాటరీలు పెడితే కెమెరా పనిచేస్తుంది, కానీ యూఎస్‌బీతో అవి ఛార్జ్ కావు. 15బి, 15సి అయితేనే అవుతాయి. కానన్‌లోనూ అంతే. మొదటి తరం ఎల్‌పీ-ఈ6 బ్యాటరీని కెమెరా బాడీలో ఉంచి ఛార్జ్ చేయలేం, దాని తర్వాత వచ్చిన 6ఎన్, 6ఎన్‌హెచ్‌లను చేయొచ్చు. చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి. తక్కువ ధరకు దొరికే డూప్లికేట్ బ్యాటరీల సంగతి చెప్పనే అక్కర్లేదు, కొన్నింటిని కెమెరా గుర్తిస్తుంది, కొన్నింటిని గుర్తించదు.

తర్వాత ఛార్జర్. చట్టం ప్రకారం 5 వోల్టులు, 3 ఆంపియర్లు, 15 వాట్లు, వీటిలో ఏది దాటినా ఆ పరికరం యూఎస్‌బీ పవర్ డెలివరీకి, అంటే ఛార్జరూ పరికరమూ ఎంత కరెంటు కావాలో మాట్లాడుకునే పద్ధతికి (మనం పీడీ అనేదానికి), సిద్ధంగా ఉండాలి. పీడీ ఉన్న ఛార్జర్ ఏ కంపెనీదైనా ఒకేలా పనిచేయాలి. ఈ నిబంధన నాకు చాలా నచ్చింది, కంపెనీలు తమ ఛార్జర్‌కే వేగం ఇచ్చి మిగతావాటికి పిసినారితనం చూపించే ఆట దీంతో కట్టవుతుంది. అయినా కొనేవాళ్లు ఒకటి చూసుకోవాలి. కానన్ ఆర్‌పీ లాంటివి మామూలు 5 వోల్టుల ఛార్జర్‌కు సరిగా స్పందించవు, వాటి మాన్యువల్‌లో పీడీ-ఈ1 అనే పీడీ అడాప్టర్ పేరే ఉంటుంది. ఇంట్లో పాత ఫోన్ ఛార్జర్లు డజను ఉన్నా లాభం లేదన్నమాట.

వేగం సంగతి మరీ ముఖ్యం. సోనీ ఏ7 మూడో తరం కెమెరాను 2018లో వదిలినప్పుడు దాని మీద మైక్రో యూఎస్‌బీ, టైప్-సి రెండూ ఉన్నాయి. పెట్టెలో ఇచ్చిన అడాప్టర్‌తో బాడీలో బ్యాటరీ నిండటానికి మాన్యువల్ చెప్పే సమయం సుమారు 285 నిమిషాలు. అదే బ్యాటరీకి వాళ్ల విడి ఛార్జర్‌తో 150 నిమిషాలు. పీడీ ఉన్న కొత్త కెమెరాల్లో ఈ తేడా బాగా తగ్గింది. కానీ బాడీలో ఒకసారి ఒక్క బ్యాటరీయే ఛార్జ్ అవుతుంది, ఆ కాసేపూ కెమెరా గోడకు కట్టేసినట్టే. పగలంతా బతుకమ్మలు పేర్చడం తీసి, సాయంత్రం ఆటలు తీయాలంటే నాకు నిండిన బ్యాటరీలు వరసగా కావాలి. అందుకే రెండు బ్యాటరీల ఛార్జర్ ఒకటి కొనక తప్పలేదు.

అక్కడా ఒక ఎదురుదెబ్బ తగిలింది. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికిన ఒక డబుల్ ఛార్జర్‌కు వెనక టైప్-సి సాకెట్ ఉంది. రెండు కొసలా సీ ఉన్న కేబుల్‌తో మంచి పీడీ అడాప్టర్‌కు కలిపితే చలనం లేదు. ఒక పక్క పాత వెడల్పు యూఎస్‌బీ ఉన్న కేబుల్ పెడితే మాత్రం బుద్ధిగా పనిచేసింది. కారణం చిన్నదే. టైప్-సిలో కరెంటు తీసుకునే పరికరం "నేనున్నాను" అని చెప్పడానికి సాకెట్ లోపల 5.1 కిలోఓమ్‌ల రెసిస్టర్లు రెండు ఉండాలి. అవి లేకపోతే సీ-టు-సీ కేబుల్‌లో అడాప్టర్ కరెంటే వదలదు. పైసల్లో దొరికే ఆ రెండు ముక్కలను మిగుల్చుకోవడం కోసం తయారీదారు వాటిని మానేశాడు. చట్టం జాబితాలో కెమెరా ఉంది గానీ, కెమెరా బ్యాటరీని బయట పెట్టి ఛార్జ్ చేసే ఈ డబ్బా లేదు. సీ ఆకారంలో రంధ్రం ఉన్న ప్రతిదీ సీ టైప్ కాదు.

మరో సంగతి. చట్టం అడిగింది ఛార్జింగ్ గురించే, డేటా వేగం గురించి కాదు. కానన్ ఆర్50 పోర్ట్ టైప్-సియే, లోపల మాత్రం పాత యూఎస్‌బీ 2.0. కార్డులోని వీడియోలను కేబుల్‌తో దించాలంటే ఓపిక కావాలి. కార్డ్ రీడర్‌ను పారేయకండి.

పెట్టెలో ఛార్జర్ లేకపోవడం గురించి చాలామంది తిడతారు. చట్టం ఛార్జర్ ఇవ్వొద్దని చెప్పలేదు, ఛార్జర్ లేకుండా కొనుక్కునే వీలు కూడా ఉండాలంది. కంపెనీలు ఆ వీలును ఎంత సంతోషంగా అందుకున్నాయో ఊహించుకోండి. ఛార్జర్ తీసేసినందుకు ధర తగ్గినట్టు నాకైతే కనబడలేదు. వాడకుండా పడేసే ఛార్జర్ల చెత్త ఏడాదికి 11,000 టన్నులని యూరోపియన్ కమిషన్ అంచనా. ఈ చట్టంతో అందులో తగ్గుతుందని వాళ్లనుకున్నది దాదాపు వెయ్యి టన్నులు. తక్కువేమీ కాదు గానీ, అప్పట్లో చేసిన హడావిడికి తగినంత కూడా కాదు. నాకు పనికొచ్చింది పెట్టె మీద ముద్రించే చిన్న బొమ్మ. కెమెరాకు కనీసం ఎన్ని వాట్లు కావాలో, పూర్తి వేగానికి ఎన్ని కావాలో అందులో ఉంటుంది. కొనే ముందు అది చూస్తే ఇంట్లో ఉన్న ఛార్జర్ సరిపోతుందో లేదో అక్కడే తెలిసిపోతుంది.

గడువు దగ్గరపడ్డాక ఇక్కడి దుకాణాల్లో విచిత్రాలు చూశాం. గడువు తర్వాత యూరప్ మార్కెట్లోకి వచ్చే ప్రతి కెమెరాకూ, మోడల్ పాతదైనా సరే, కొత్త నిబంధన వర్తిస్తుంది. దాంతో కంపెనీలు పాత కెమెరాలకే కొత్త రంధ్రం పెట్టి కొత్త పేరుతో దించాయి. నికాన్ పీ1000 పోయి పీ1100 వచ్చింది. పానాసోనిక్ జీ95 స్థానంలో జీ97, ఓఎం-5 స్థానంలో 2025లో దాని రెండో తరం వచ్చాయి. పానాసోనిక్ టీజెడ్95 తర్వాత వచ్చిన టీజెడ్99లో టైప్-సి పెట్టారు, కంటితో చూసే వ్యూఫైండర్ తీసేశారు. ఇదెక్కడి న్యాయమో! ఎండలో ఫొటో తీసేవాడికి ఆ వ్యూఫైండర్ విలువ తెలుస్తుంది. అది లేకుండా ఒక్క పోర్ట్ కోసం టీజెడ్99 కొనమని నేను చెప్పను.

చట్టంలో మినహాయింపులూ ఉన్నాయి. కేబుల్‌తో ఛార్జ్ అయ్యే సౌకర్యం ఉన్న పరికరాలకే ఇది వర్తిస్తుంది. సినిమా, టీవీ రంగానికే తయారుచేసే కెమెరాలను, నిఘా కెమెరాలను వదిలేశారు.

మన దేశంలో సంగతి వేరు. 2022 నవంబర్ 16న వినియోగదారుల వ్యవహారాల శాఖ పెట్టిన సమావేశంలో ఫోన్లు, ట్యాబ్లెట్లు, ల్యాప్‌టాప్‌లకు టైప్-సి ఉండాలని పరిశ్రమ ఒప్పుకుంది. 2023 జనవరిలో భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ దానికి ప్రమాణం కూడా ప్రకటించింది. ఆ మాటల్లో కెమెరాల ఊసు లేదు. అయినా ఫలితం మనదాకా వస్తుంది, యూరప్‌కు ఒక బాడీ, హైదరాబాద్‌కు ఒక బాడీ అని కంపెనీలు సాధారణంగా విడివిడిగా తయారుచేయవు. కోఠిలో కొన్నా కొత్త కెమెరాకు చాలావరకు సీ టైపే ఉంటుంది.

హనుమకొండలో పెళ్లిళ్లు తీసే మా బావ ఒకరున్నారు. ఆయన దగ్గర రెండు డీఎస్‌ఎల్‌ఆర్‌లు (లోపల అద్దం ఉండే పాత తరహా కెమెరాలు), సంచి నిండా ఎల్‌పీ-ఈ6ఎన్ బ్యాటరీలు. మొన్న ఫోన్ చేసి, "ఇప్పుడన్నీ సీ టైప్ అంటున్నారు, మన కెమెరాలు మార్చాలంటావా?" అని అడిగారు. "అక్కర్లేదు బావా, పెళ్లికి మీకు కావాల్సింది నిండిన బ్యాటరీలు. వెనక సీ టైప్ ఉన్న డబుల్ ఛార్జర్ కొనండి, కొనే ముందు రెండు కొసలా సీ ఉన్న కేబుల్‌తో పెట్టి చూడండి" అన్నాను. దుకాణానికి కేబుల్ వెంట తీసుకెళ్లారట. మొదట చూపించిన రెండింటికీ లైటు వెలగలేదు, మూడోది తెచ్చుకున్నారు.