పాయింట్లు దేనికి ఇస్తున్నారు? యూరప్‌లో నిరంతర వైద్య విద్య గుర్తింపుపై ఒక మత్తు వైద్యురాలి సమీక్ష

నా హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ బార్‌కోడ్ స్టిక్కర్ల కాగితం ఒకటి ఉంటుంది. ఒక్కో స్టిక్కరు మీద నా పేరూ, పదిహేను అంకెల సంఖ్యా ఉంటాయి. జర్మనీలో ప్రతి వైద్యుడికీ నిరంతర విద్య లెక్క కోసం కేటాయించే సంఖ్య అది. సదస్సుకు వెళ్తే హాలు తలుపు దగ్గర దాన్ని స్కాన్ చేస్తారు, లేదంటే హాజరు పట్టీలో స్టిక్కరు అంటించి పక్కన సంతకం పెట్టాలి. కొన్ని రోజులకు ఆ సదస్సు పాయింట్లు రాష్ట్ర వైద్యమండలిలో ఉన్న నా ఖాతాలో జమ అవుతాయి. 2014లో ఇంగ్లండ్ నుంచి జర్మనీకి వచ్చినప్పటి నుంచి ఈ ఖాతాను వాడుతున్నాను. అయిదేళ్ల గడువులు రెండు పూర్తి చేశాను, మూడోదానిలో ఉన్నాను. అంతకుముందు కొన్నేళ్లు ఇంగ్లండ్‌లో అక్కడి పద్ధతిని పాటించాను. ఒకసారి మా శాఖ తరఫున నిర్వాహకుల వైపు కూర్చుని, మేము జరపబోయే సమావేశానికి యూరప్ స్థాయి గుర్తింపు కోరుతూ దరఖాస్తు కూడా తయారు చేశాను. ఈ మూడు వైపుల నుంచీ చూసిన దాన్ని బట్టి ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందుగా ఒక విషయం స్పష్టం చేయాలి. యూరప్ మొత్తానికీ వర్తించే ఒకే చట్టం ఏదీ లేదు. వృత్తి అర్హతల గుర్తింపుపై 2005లో వచ్చి 2013లో సవరణ పొందిన యూరోపియన్ ఆదేశం, వైద్యుల నిరంతర విద్యను ప్రోత్సహించమని సభ్య దేశాలకు చెబుతుందే తప్ప ఎన్ని గంటలు, ఏ పద్ధతిలో అన్నది వాటికే వదిలేసింది. ఆ ఖాళీని కొంత పూడ్చింది ప్రత్యేక వైద్య నిపుణుల యూరోపియన్ సమాఖ్య. యూఈఎంఎస్ అని పిలిచే ఈ సంస్థ 1958లో ఏర్పడింది, కేంద్రం బ్రస్సెల్స్. 1999లో ఇది ఈఏసీసీఎంఈ అనే గుర్తింపు మండలిని నెలకొల్పింది. ఒక దేశంలో జరిగే అంతర్జాతీయ సదస్సుకు ఈ మండలి క్రెడిట్లు (పాయింట్ల లాంటివే) ఇస్తే, వేరే దేశం నుంచి వచ్చిన వైద్యుడు వాటిని తన దేశపు లెక్కలో చూపుకోగలగాలన్నది దాని ఉద్దేశం. ఇప్పుడు గంట చదువుకు ఒక క్రెడిట్ లెక్క. అమెరికన్ మెడికల్ అసోసియేషన్‌తో ఒప్పందం ఉండటం వల్ల ఈ క్రెడిట్లు అట్లాంటిక్ అవతల కూడా చెల్లుతాయి.

జర్మనీ లెక్క వేరు. ఇక్కడ నలభై అయిదు నిమిషాలకు ఒక పాయింటు. 2004 నుంచి ఆరోగ్య బీమా వ్యవస్థలో పనిచేసే వైద్యులందరూ అయిదేళ్లలో 250 పాయింట్లు చూపించాలని చట్టం చెబుతోంది. చూపించకపోతే మొదటి నాలుగు త్రైమాసికాల పాటు బీమా చెల్లింపులో పది శాతం, ఆ తర్వాత పాతిక శాతం కోత పడుతుంది. నాలాంటి ఆసుపత్రి నిపుణులకు అదే 250 నియమం 2006లో వచ్చింది. మా విషయంలో కోత పెట్టలేదు కానీ, ఆ 250లో 150 పాయింట్లు సొంత విభాగానికి సంబంధించినవై ఉండాలని ఆ నియమం చెప్పింది. ఉపన్యాసం, బహుళ రోజుల మహాసభ, చిన్న బృందాల వర్క్‌షాప్, పరీక్షతో కూడిన ఆన్‌లైన్ పాఠం, ఇలా ఒక్కోదానికి ఒక్కో వర్గం ఉంది. పుస్తకాలు చదువుకోవడానికి కూడా అయిదేళ్లలో 50 పాయింట్ల వరకూ లెక్క వేస్తారు. ఇంట్లో కూర్చుని చదివే వైద్యుడి మాట నమ్మి ఇచ్చే ఆ యాభై నాకు నచ్చిన అంశం.

ఈ వ్యవస్థలో నిజంగా బాగా పనిచేసేది ఏమిటో దరఖాస్తు రాసినప్పుడు తెలిసింది. ఫలానా అంశాన్నే ఎందుకు ఎంచుకున్నారు, వినడానికి వచ్చేవారికి దాని అవసరం ఉందని ఎలా తెలుసుకున్నారు, సమావేశం ముగిసేసరికి వాళ్లు కొత్తగా ఏం చేయగలగాలి అని ఈఏసీసీఎంఈ అడుగుతుంది. కార్యక్రమ కమిటీలో ఉన్న ప్రతి ఒక్కరూ, ప్రతి వక్తా ఏ కంపెనీతో ఏ ఆర్థిక సంబంధం ఉందో రాసి సంతకం పెట్టాలి. మందుల కంపెనీలూ పరికరాల కంపెనీలూ నేరుగా దరఖాస్తు చేసుకోవడానికి వీల్లేదు. వాటి డబ్బు తీసుకోవచ్చు కానీ, విషయం మీదా వక్తల ఎంపిక మీదా షరతు పెట్టని రూపంలోనే తీసుకోవాలి. కంపెనీ సొంతంగా పెట్టుకునే సమావేశం గుర్తింపు పొందిన కార్యక్రమంలో కలవకూడదు, దానికి క్రెడిట్లు ఉండవు. అంతా అయ్యాక పాల్గొన్నవారి అభిప్రాయాలతో నివేదిక కూడా పంపాలి.

మాకు కొంత సొమ్ము ఇచ్చిన ఒక సంస్థ ప్రతినిధి వారం ముందు ఫోన్ చేసి, ప్రధాన హాలులో తెర పక్కన తమ బ్యానరు పెట్టాలనీ, మధ్యాహ్నం ఉపన్యాసాల్లో ఒకటి తమ నిపుణుడికి ఇవ్వాలనీ అడిగాడు. మర్యాదగానే అడిగాడు. నియమం లేకపోతే మేము ఆయన మొహం చూసి మొహమాటపడి ఒప్పుకునేవాళ్లమేమో. నియమ పత్రం చూపించి కుదరదని చెప్పగలిగాము. బ్యానరు బయట కాఫీ బల్లల దగ్గరికి వెళ్లింది, ఉపన్యాసం మా జాబితాలో ఉన్న వైద్యురాలే ఇచ్చింది. నాణ్యతా ప్రమాణం అనే మాటకు నాకు అప్పటి నుంచి ఒక రూపం ఏర్పడింది. కాదు అని చెప్పవలసిన క్షణంలో చేతిలో ఉండే కాగితం అది.

అయితే అదే నియమం హాలులో ఎలా అమలవుతుందో కూడా చెప్పాలి. వక్త తన ఆర్థిక సంబంధాలను మొదటి స్లైడులో చూపించాలి. వందల ఉపన్యాసాలు విన్నాను. ఆ స్లైడు తెర మీద రెండు మూడు సెకన్లకు మించి నిలవడం అరుదు. పన్నెండు కంపెనీల పేర్లు చిన్న అక్షరాల్లో వచ్చి, చదివేలోపే పోతాయి. ఏ కంపెనీ మందు గురించి ఆయన మాట్లాడబోతున్నాడో ఆ ఒక్క పేరు పెద్దగా రాసి, నోటితో చెప్పమని నియమం ఉంటే చాలునని నాకు అనిపిస్తుంది. ఎవరికి ఏ సంబంధం ఉందో ఒప్పుకోవడం వేరు, వినేవారికి దాన్ని ఉపయోగపడేలా తెలియజేయడం వేరు.

ఆన్‌లైన్ పాఠాల విషయంలో నా అసంతృప్తి ఇంకా ఎక్కువ. జర్మనీలో ఈ వర్గానికి సాధారణంగా పది ప్రశ్నలు ఉంటాయి, డెబ్బై శాతం సరిగ్గా రాస్తే పాయింట్లు వస్తాయి. రాత్రి పదిన్నరకు, డ్యూటీ మధ్యలో, ఒక చేత్తో టీ తాగుతూ ఇలాంటివి పూర్తి చేసిన రోజులు నాకు ఉన్నాయి. ఏ వాక్యం ప్రశ్నగా మారుతుందో రెండు మూడు పాఠాలు చేశాక కనిపెట్టడం కష్టం కాదు. పైగా వీటిలో చాలా పాఠాలు ఉచితం, ఎందుకంటే ఖర్చు ఏదో ఒక కంపెనీ భరిస్తోంది. ఏ సమాచారాన్ని చేర్చలేదో పాఠం చదివే వైద్యుడికి కనిపించదు. జర్మనీలో మెట్సిస్ అనే వైద్యుల సంఘం 2007 నుంచి ఈ మాటే గట్టిగా చెబుతోంది. ఆ పేరు ‘నా భోజనానికి నేనే డబ్బు కడతాను’ అనే జర్మన్ వాక్యపు పొడి అక్షరాలు. రెండో గడువు నుంచి నేను కంపెనీ డబ్బుతో తయారైన పాఠాలను పూర్తిగా మానేశాను. పాయింట్లకు లోటు రాలేదు, సొంత డబ్బు కొంత ఎక్కువ ఖర్చయింది.

ఇన్నేళ్లలో నా పనిని నిజంగా మార్చిన చదువు ఒక శనివారం మధ్యాహ్నం జరిగింది. పన్నెండు మందిమి. ఒక్కొక్కరి ముందు ట్రేలో కసాయి దుకాణం నుంచి తెచ్చిన పంది స్వరపేటిక, ఒక స్కాల్పెల్ కత్తి, ఒక బూజీ (ట్యూబుకు దారి చూపే సన్నని కడ్డీ), ఆరో సైజు ట్యూబు. మెడ ముందు నుంచి శ్వాసనాళంలోకి దారి చేయడం నేర్పుతున్నారు. మత్తు ఇచ్చాక ట్యూబు వేయలేక, మాస్కుతో కూడా ఊపిరి అందించలేని స్థితిలో చేయవలసిన ఆఖరి పని అది. చాలామంది మత్తు వైద్యులు జీవితకాలంలో ఒక్కసారి కూడా చేయరు, అందుకే చేతికి అలవాటు ఉండదు. శిక్షకురాలు మా కళ్లకు గంతలు కట్టి, స్వరపేటిక ముందు భాగంలో ఉండే క్రికోథైరాయిడ్ పొరను వేలితో వెతకమంది. మొదటిసారి నా వేలు తప్పు చోట ఆగింది. నాలుగోసారికి కుదిరింది. ఆ మధ్యాహ్నానికి నాకు వచ్చినవి అయిదు పాయింట్లు. అదే నెలలో మూడు రోజుల మహాసభలో వెనుక వరుసలో కూర్చున్నందుకు పద్దెనిమిది వచ్చాయి.

ఎనిమిది నెలల తర్వాత ఒక రాత్రి దవడ కింద వాపు మెడ దాకా పాకిన రోగిని ఆపరేషన్‌కు తెచ్చారు. నోరు రెండు వేళ్ల వెడల్పు కూడా తెరుచుకోవడం లేదు. మత్తు మొదలుపెట్టక ముందే ఆయన మెడ మీద పొర ఎక్కడుందో వేలితో వెతికి పెన్నుతో గీత గీశాను, స్కాల్పెల్, బూజీ పక్కన తెరిచి పెట్టుకున్నాను. ఆ రాత్రి కోయాల్సిన అవసరం రాలేదు, మెలకువగా ఉండగానే ముక్కు ద్వారా ట్యూబు వేయగలిగాము. కానీ ఆ గీత గీయడం ఆ శనివారం ముందు నాకు అలవాటు లేదు. ఈ మార్పును ఏ ఖాతా నమోదు చేయలేదు, ఎవరూ అడగలేదు.

ఇంగ్లండ్ పద్ధతికి ఈ ప్రశ్న అడగడం తెలుసు. అక్కడ 2012 డిసెంబరులో రీవాలిడేషన్, అంటే వైద్యుడి లైసెన్సును మళ్లీ పరిశీలించే పద్ధతి, మొదలైంది. ఏటా అప్రైజల్ (ఇంకో వైద్యుడు మన పనిని మనతో కూర్చుని సమీక్షించడం), అయిదేళ్లకోసారి లైసెన్సు కొనసాగింపు. నిపుణుల సంఘాలైన రాయల్ కాలేజీలు ఏడాదికి 50 క్రెడిట్లు సూచిస్తాయి కానీ, లైసెన్సు ఇచ్చే జనరల్ మెడికల్ కౌన్సిల్ అడిగేది అంకె కాదు. నేర్చుకున్నదాని వల్ల ఏం మారింది, ఏ సంఘటన నుంచి ఏం గ్రహించారు, రోగులూ సహోద్యోగులూ ఏమన్నారు, ఫిర్యాదులు ఏమున్నాయి అని అడుగుతుంది. మా అప్రైజర్ ఒక పెద్దావిడ, వేరే విభాగం వైద్యురాలు. నేను రాసిన పది పేజీల్లో ఒకే ఒక పేరా దగ్గర ఆగి, “ఇది జరిగిన తర్వాత మీ థియేటర్‌లో ఏం మార్చారు?” అని అడిగింది. సమాధానం నా దగ్గర లేదు. వచ్చే ఏడాది నాటికి ఉండేలా చూసుకున్నాను. ఆ పద్ధతిలో కష్టం కూడా ఉంది. రాత పని విపరీతం. అప్రైజల్ వారం ముందు రాత్రంతా కూర్చుని ఒకే మూసలో ఆత్మపరిశీలనలు రాసే సహోద్యోగులను చూశాను. అడిగేవారు శ్రద్ధగా అడిగితేనే ఆ పద్ధతికి ప్రాణం ఉంటుంది.

మిగతా దేశాల్లో నాకు ఆదర్శంగా కనిపించేవి కొన్ని ఉన్నాయి. ఐర్లండ్‌లో 2011 నుంచి ఏడాదికి 50 క్రెడిట్లు తప్పనిసరి, సొంత చికిత్సలను సమీక్షించుకోవడం కూడా చేయాలి. ఇటలీ మూడేళ్లకు 150 క్రెడిట్లు అడుగుతుంది, వైద్యులనే కాదు నర్సులతో సహా ఆరోగ్య వృత్తుల వారందరినీ అడుగుతుంది. ఆపరేషన్ థియేటర్‌లో ప్రమాదం జట్టుగా ఎదుర్కొనేదే కాబట్టి ఇది నాకు న్యాయంగా తోస్తుంది. బెల్జియంలో పాటించడం ఐచ్ఛికం, పాటించిన వారికి ఎక్కువ ఫీజు, అందులో భాగంగా స్థానిక వైద్యుల చిన్న బృందాల్లో కూర్చుని కేసులు చర్చించాలి. ఇన్ని తేడాల మధ్య ఒక దేశపు పత్రం ఇంకో దేశంలో చెల్లడం సులువు కాదు. ఒక పొరుగు దేశంలో జరిగిన సమావేశం నిర్వాహకులు యూరప్ గుర్తింపు తీసుకోలేదు, ఇచ్చిన పత్రంలో గంటలు రాయలేదు. కార్యక్రమ వివరం పంపమని ఇక్కడి మండలి అడిగితే వాళ్లు నాలుగు నెలలు జవాబివ్వలేదు. ఆ పన్నెండు పాయింట్లు నాకు రానే లేదు. అప్పటి నుంచి డబ్బు కట్టేముందే ఈఏసీసీఎంఈ గుర్తింపు ఉందా అని చూస్తున్నాను.

గుంటూరులో నాతో చదివిన వాళ్లూ, ఇప్పుడు జర్మనీకి వస్తున్న తెలుగు జూనియర్లూ ఈ పాయింట్ల గురించి తరచుగా అడుగుతారు. మన దేశంలో 2002 నాటి వైద్యుల నైతిక నియమావళి అయిదేళ్లకు 30 గంటలు అడుగుతుంది. అంకెలు పోల్చి ఇక్కడ ఎక్కువ, అక్కడ తక్కువ అనడం నాకు ఇష్టం లేదు. 1999లో డేవ్ డేవిస్ అనే పరిశోధకుడి బృందం అమెరికన్ వైద్య పత్రిక జామాలో ప్రచురించిన సమీక్ష, ఉపన్యాసాలు వినడం ఒక్కటే వైద్యుల పనిని పెద్దగా మార్చదనీ, చేసి చూసే, చర్చించే పద్ధతులు మారుస్తాయనీ తేల్చింది. 2015లో సెర్వెరో, గెయిన్స్ చేసిన సమీక్ష కూడా పరస్పరం పాల్గొనే, పలుమార్లు సాగే చదువు వైపే మొగ్గింది. ఈ సంగతి పాతికేళ్లుగా తెలిసినా పాయింట్ల పట్టిక ఇంకా కూర్చున్న నిమిషాలకే ఎక్కువ విలువ ఇస్తోంది.

వాడినదానిగా నా తీర్పు ఇది. కంపెనీల ప్రభావం నుంచి సదస్సును కాపాడటంలో యూరప్ గుర్తింపు విధానం నమ్మదగినది, దాన్ని సడలించకూడదు. చదువు నాణ్యతను కొలవడంలో జర్మనీ పట్టిక బలహీనం, ఇంగ్లండ్ ప్రశ్న బలమైనది. నాకు అధికారం ఉంటే చిన్న బృందాల వర్క్‌షాప్‌కు పాయింట్లు రెట్టింపు చేసి, ఆరు నెలల తర్వాత పాల్గొన్న ప్రతి ఒక్కరికీ ‘ఏం మార్చారు?’ అని ఒకే ఒక్క ప్రశ్న పంపిస్తాను. ప్రస్తుత గడువులో నా ఖాతాలో 140 పాయింట్లు ఉన్నాయి. వచ్చే నెల రెండు తేదీలు ఢీకొన్నాయి, ఒకటి మూడు రోజుల మహాసభ, ఇంకొకటి పిల్లల శ్వాసనాళం మీద సగం రోజు వర్క్‌షాప్. వర్క్‌షాప్‌కు పేరు నమోదు చేసుకున్నాను.